ఆశీస్సుల పేజీ

ఆదివారం, నవంబరు 17, 2024. మధ్యాహ్నం ఒంటిగంట ఇరవై. మియాపూర్‌లో మా ఫ్లాటు, హాలు.

హాజరైనవారు: నేను. నేను పెళ్లి చేసుకోబోతున్న ఆవిడ, ప్రభుత్వ ఆసుపత్రిలో హెడ్ నర్సుగా పనిచేసి గడువుకు ముందే రిటైరైన మనిషి. ఆవిడ తమ్ముడు. మా అమ్మాయి. మా అల్లుడు. తూనికలు, కొలతల శాఖలో నా కింద పనిచేసిన పాత మిత్రుడు, పెళ్లికి నా తరఫు సాక్షి. మొత్తం ఆరుగురు.

ఆ రోజు డైరీ ఇలా మొదలవుతుంది. నేను ముప్పై మూడేళ్లు తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరుగా చేశాను. ఏ కిరాణా కొట్టులో తక్కువ తూకం పట్టుకున్నా ముందు తేదీ, సమయం, స్థలం, హాజరైనవారి జాబితా రాసి, ఆ తర్వాతే మిగతాది రాయాలి. పంచనామా అలాగే మొదలవ్వాలి. ఆ అలవాటు చేతికి అంటుకుని డైరీలోకీ వచ్చేసింది. అయితే ఆ ఆదివారం జాబితాను మాత్రం నేను అతిథులు రాకముందే, పదకొండింటికే రాసి పెట్టుకున్నాను. సమయం దగ్గర ఖాళీ వదిలి తర్వాత నింపాను. అందరినీ పిలిచింది భోజనానికి. జరగబోయేది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

పెళ్లి వచ్చే గురువారం, రిజిస్ట్రారు కార్యాలయంలో. నాకు అరవై ఏడు, ఆవిడకు యాభై తొమ్మిది. నాకు రెండోది, ఆవిడకు మొదటిది.

ఆవిడ పరిచయమైంది ప్రగతి నగర్‌లో. అక్కడి కమ్యూనిటీ హాల్లో రిటైరైనవాళ్లకు కంప్యూటర్ క్లాసులు చెప్పేవారు. నేను మియాపూర్ నుంచి వారానికి మూడు రోజులు వెళ్లేవాణ్ణి. ఆవిడ ఇల్లు అక్కడి చెరువు పక్క వీధిలోనే. మొదటి రోజు నా పక్క కుర్చీలో కూర్చుని, “సార్, జర మీ మౌస్ ఇయ్యుండ్రి, నాది సచ్చింది” అంది. మా గుంటూరు వైపు కొత్త మనిషితో ఎవరూ అలా మొదలుపెట్టరు. నేను మౌస్ ఇచ్చాను. ఆ రోజు నేను ఏమీ నేర్చుకోలేదు, ఆవిడ తన పేరు తెలుగులో టైపు చేయడం నేర్చుకుంది.

తండ్రి పోయాక తమ్ముణ్ణి చదివించి, ఇల్లు కట్టించి, అతనికి పెళ్లి చేసేసరికి ఆవిడకు నలభై దాటాయట. ఆ తర్వాత ఆవిడ పెళ్లి మాట ఎత్తేవాళ్లు లేకపోయారు. ఈ సంగతి ఆవిడ నవ్వుతూనే చెప్పింది. నేను పది నెలలు చూసి, ఆలోచించి, ఆ చెరువు గట్టు మీదే అడిగాను. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి, “మా తమ్ముడు ఒప్పుకున్నడు సార్. నేను గూడ” అంది.

క్లాసుల చివరి నెలలో సొంత వెబ్‌సైటు ఎలా తయారు చేయాలో నేర్పారు. అందరూ మనవళ్ల ఫొటోలతో ఏదో చేశారు. నేను మా పెళ్లికి చేస్తానన్నాను. ఈ రోజుల్లో పిల్లలు పెళ్లికి వెబ్‌సైటు కావాలంటే కంపెనీల దగ్గర తయారుగా ఉన్నది తీసుకుని ఫొటోలు అతికిస్తారు. నాకు అది నచ్చదు. నోట్‌ప్యాడ్‌లో ఒక్కొక్క వరుసా నేనే టైపు చేశాను. ఆరు వారాలు పట్టింది. శుభలేఖలు వేయించడం లేదు కాబట్టి ఇదే శుభలేఖ.

ఆవిడకు వెబ్‌సైటు మీద నాకన్నా ఎక్కువ ఆశ ఉండేది. “వందల పెండ్లిళ్లకు పోయిన సార్. శుభలేఖ మీద నా పేరు నేను ఎన్నడూ సూస్కోలే. అందుట్ల జర పెద్దగ రాయుండ్రి” అంది. పెద్దగానే రాశాను. నేను లేత పసుపు రంగు వేస్తే గులాబి కావాలంది. వేశాను. ఆవిడ ఫొటో చెరువు దగ్గర తీశాను. ప్రతిసారీ కళ్లు మూసేస్తుంది. మూడు రోజులు వెళ్తే ఒక ఫొటోలో కళ్లు తెరిచి ఉన్నాయి. రిజిస్ట్రేషన్ తర్వాత భోజనాలు పెట్టే ఫంక్షన్ హాలుకు దారి కూడా మియాపూర్ మెట్రో స్టేషను నుంచి నేనే నడిచి, మలుపు మలుపునా రాసుకుని, బొమ్మ గీసి పెట్టాను.

‘మా పరిచయం’ పేజీకి ఆవిడ తన గురించి నాలుగు వాక్యాలు కాగితం మీద రాసి ఇచ్చింది. “నేను దవాఖానల నౌకరి జేసిన. మస్తు మందిని సూసిన” అని ఉంది. దాన్ని, “నేను ప్రభుత్వ ఆసుపత్రిలో ఉద్యోగం చేశాను. ఎందరికో సేవ చేశాను” అని మార్చాను. ఆవిడ స్క్రీను మీద చదివి, “మంచిగున్నది సార్. కాని గిది నేను మాట్లాడినట్టు లేదు” అంది. ఇలా ఉంటేనే బాగుంటుందన్నాను. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

చివరి పేజీ పేరు ‘ఆశీస్సులు’. వచ్చినవాళ్లు తమ శుభాకాంక్షలు రాసే పేజీ. ఎవరైనా పిచ్చి రాతలు రాస్తారేమోనని ముందు జాగ్రత్తగా, వచ్చిన ప్రతి సందేశమూ మొదట నాకు మాత్రమే కనిపించేటట్టు చేశాను. నేను ‘అనుమతి’ నొక్కితేనే అది పేజీ మీదకు వస్తుంది. ‘తొలగించు’ నొక్కితే ఇక ఎవరికీ తెలియకుండా పోతుంది. ఒక రాత్రి భోజనాల దగ్గర ఈ ఏర్పాటంతా అమ్మాయికీ అల్లుడికీ వివరించాను. అల్లుడు బాగుందన్నాడు. అమ్మాయి విని పళ్లెం కడగడానికి వెళ్లింది.

వాళ్లకు ఒక సంగతి చెప్పలేదు, అది వివరాల్లో వివరం అనుకున్నాను. ప్రతి ఇంటి ఇంటర్నెట్ కనెక్షనుకూ బయటివాళ్లకు కనిపించే ఒక నంబరు ఉంటుంది. నా పేజీ ప్రతి సందేశం పక్కనా అది వచ్చిన తేదీ, సమయంతో పాటు ఆ నంబరు కూడా దాచుకుంటుంది. మా ఇంటి నంబరు నాకు తెలుసు. పేజీ పనిచేస్తోందో లేదో చూడటానికి ‘పరీక్ష ఒకటి’, ‘పరీక్ష రెండు’ అని నేనే ఇంట్లోంచి రాసి చూశాను కదా.

అమ్మాయి, అల్లుడు నాతోనే ఉంటారు. అల్లుడి ఆఫీసు రాయదుర్గంలో, అయిదు రోజులూ వెళ్లాలి. అమ్మాయిది హైటెక్ సిటీలో, మంగళ, బుధవారాలు ఇంటి నుంచే పని. వాళ్లు ఇక్కడికి వచ్చింది మా ఆవిడకు, అంటే అమ్మాయి తల్లికి, జబ్బు చేసినప్పుడు. మా ఆవిడ పద్నాలుగు నెలలు మంచంలో ఉండి, నాలుగేళ్ల కిందట పోయింది. ఆ పద్నాలుగు నెలలూ మందులు ఇచ్చింది అమ్మాయి. ఏ మందు ఎన్నింటికి ఇచ్చిందో రాసుకున్నది నేను.

మళ్లీ పెళ్లి చేసుకుంటున్నానని చెప్పినప్పుడు అమ్మాయి, “మీ ఇష్టం నాన్నా” అంది. డైరీలో ‘అంగీకరించింది’ అని రాశాను.

నవంబరు మొదటి మంగళవారం మొదటి సందేశం వచ్చింది. కింద పేరు ‘ఒక శ్రేయోభిలాషి’. చదవగానే చేయి ‘తొలగించు’ మీదకు వెళ్లింది. పక్కన ఉన్న నంబరు చూసి ఆగాను. మా ఇంటిదే. అప్పుడు గంట పదకొండున్నర. అల్లుడు రాయదుర్గంలో ఉన్నాడు. తలుపు వేసి ఉన్న గదిలో అమ్మాయి ఆఫీసు మీటింగులో మాట్లాడుతున్న గొంతు వినబడుతోంది.

నాకు బాధ కలిగిందని రాస్తే అబద్ధం. కాటా పళ్లెం అడుగున అంటించిన అయస్కాంతం ముక్క చేతికి తగిలినప్పుడు కలిగేది నాకు తెలుసు. అదే కలిగింది. రిటైరయ్యాక మళ్లీ అంత హుషారు రాలేదు. వెంటనే పట్టుకోకూడదు. ఒక్కసారి అయితే పొరపాటు అంటారు, ఫోన్ ఎవరో తీసుకున్నారంటారు. ఆగాను. బుధవారం రెండోది వచ్చింది. తర్వాతి మంగళవారం మూడోది, బుధవారం నాలుగోది. ఈ రోజులన్నీ అమ్మాయి వడ్డించిన అన్నం తిన్నాను. కూర బాగుందన్నాను. అమ్మాయి కూడా, “ఇంకొంచెం వేయనా నాన్నా?” అంది. ఇద్దరం బాగానే చేశాం.

శనివారం సాయంత్రం నాలుగు సందేశాలనూ, వాటి పక్కన తేదీ, సమయం, నంబరులతో ఒక కొత్త పేజీలో పెట్టాను. అక్షరాలు టీవీలో దూరానికి కనిపించేంత పెద్దవి.

ఆదివారం వంట అమ్మాయే చేసింది. గుత్తివంకాయ, పప్పుచారు, పులిహోర, సేమ్యా పాయసం. ఆవిడ స్టీలు డబ్బా నిండా గరిజెలు, మా వైపు కజ్జికాయలంటాం, తెచ్చింది. “పొద్దున మూడింటికి లేసి చేసిన బిడ్డా, నీకు ఇష్టమో కాదో తెల్వదు” అని అమ్మాయి చేతికే ఇచ్చింది. అమ్మాయి తీసుకుని, “థాంక్స్ అండి” అంది. ఆవిడ తమ్ముడు బాచుపల్లిలో హార్డ్‌వేర్ షాపు నడుపుతాడు. భారీ మనిషి, పెద్ద గొంతు. రెండు వారాలుగా నన్ను బావా అంటున్నాడు.

భోజనాలయ్యాక పాయసం గిన్నెలతో అందరూ హాల్లో కూర్చున్నారు. అల్లుడు కంప్యూటరును టీవీకి కలిపాడు. గులాబి రంగు మీద రెండు పేర్లూ వచ్చాయి. ఆవిడ కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూసింది.

“అక్కా, సినిమా పోస్టర్ లెక్క ఉన్నది!” అన్నాడు తమ్ముడు.

“నీ యవ్వ, ఊకోరా” అంది ఆవిడ. కానీ గిన్నె పక్కన పెట్టి, లేచి టీవీ దగ్గరకు వెళ్లి తన పేరు మీద వేలు పెట్టింది. అల్లుడు ఫోన్‌లో ఫొటో తీశాడు.

ఒక్కొక్క పేజీ చూపించాను. పరిచయం, ఫొటో, దారి బొమ్మ, భోజనాల వివరం. నా పాత మిత్రుడు ప్రతి పేజీకీ, “అబ్బో, గురువుగారూ!” అంటున్నాడు. చివరికి ఆశీస్సుల పేరు దగ్గర ఆగాను.

“ఎవరన్న రాసిన్రా సార్ అండ్ల?” అని ఆవిడ అడిగింది.

“రాశారు. నాలుగు వచ్చాయి.”

“మరి సదువుండ్రి, విందాం.”

“నేను కాదు. అమ్మాయి చదువుతుంది” అని, ముందు రోజు తయారు చేసిన పేజీ తెరిచాను.

అమ్మాయి వంటింటి గుమ్మంలో చేతిలో గరిటెతో నిలబడి ఉంది. టీవీ వైపు చూసింది. ముందు సందేశాలు చూసింది, తర్వాత పక్కనున్న గంటలు, నంబర్లు చూసింది. దానికి కంప్యూటర్ ఉద్యోగం. ఆ నంబరు ఏమిటో నేను చెప్పనక్కర్లేదు.

“ఇప్పుడెందుకు నాన్నా?” అంది నెమ్మదిగా.

“చదువమ్మా. అందరూ వినాలి.”

ఇక్కడ నా ఉద్యోగం గురించి ఒక మాట చెప్పాలి. తక్కువ తూకం పట్టుకున్నప్పుడు అసలు బరువు ఎంతో దుకాణదారు చేతే, కొనడానికి వచ్చినవాళ్ల ముందు పైకి చదివించేవాణ్ణి. రూల్సులో లేదది. నా పద్ధతి. జరిమానా మర్చిపోతారు, ఇది మర్చిపోరు. ఒక ముసలాయన చదువుతూ చదువుతూ ఏడ్చి కింద కూర్చుండిపోయాడు. నా గొంతు అప్పుడు ఎలా ఉండేదో ఆ రోజూ అలాగే ఉంది. నా పాత మిత్రుడు ఆ గొంతు గుర్తుపట్టాడు. చేతిలో గిన్నె కింద పెట్టేశాడు.

అమ్మాయి గరిటె గుమ్మం పక్కన స్టూలు మీద పెట్టి చదివింది.

“పెళ్లికొడుకు గారికి శుక్లాల ఆపరేషన్ ముందా, శోభనం ముందా? కళ్లు కనబడితే పెళ్లి ఆగిపోతుందని భయమేమో.”

తమ్ముడు పకపకా నవ్వాడు. “ఎవడో మస్తు మజాక్ చేసిండు బావా!”

“రెండోది” అన్నాను.

“అరవై ఏళ్లు ఎవరూ అడగని సరుకుకు చివరికి తూనికల ఇన్‌స్పెక్టరు దొరికాడు. ముద్ర వేయించుకోవడం మర్చిపోకండి.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. అల్లుడు, “మామయ్యగారూ, కట్టేద్దాం” అని లేచాడు. కూర్చోమన్నాను. కూర్చున్నాడు.

“మూడోది.”

“భోజనాల పేజీలో పులిహోర చూశాం. మొదటి భార్య సంవత్సరీకానికి కూడా అదే. వంటవాడికి మళ్లీ చెప్పే పని లేదు.” నాలుగోది నేను చెప్పకుండానే, ఇంకొంచెం పైకి చదివింది. “ఇది పెళ్లి కాదండీ, డ్యూటీ. తను మంచాన పడే రోజుకు ముందే ఈయన నర్సును కుదుర్చుకుంటున్నాడు. ఆవిడే పాపం పెళ్లనుకుంటోంది.”

కింద అపార్ట్‌మెంటు ఆవరణలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. బంతి కారుకు తగిలిన చప్పుడు, దాని వెనకే కారు అలారం మోత. అది ఆగేదాకా ఆగి, నేను చెప్పాల్సింది చెప్పాను. “ఈ నాలుగూ మా ఇంటి కనెక్షను నుంచే వచ్చాయి. రెండు మంగళవారాలు, రెండు బుధవారాలు. అన్నీ పగటిపూట. ఆ గంటల్లో ఇంట్లో ఉన్నది నేనూ, అమ్మాయీ. నేను రాసుకోలేదు. రాసింది ఎవరో నువ్వే చెప్పమ్మా.”

“నేనే” అంది. “ఎవరికి రాశానో కూడా చెప్పనా? మీకు రాశాను. మీరొక్కరే చూస్తారని మీరే చెప్పారు కదా. మీ దగ్గరే ఆగిపోతాయని చెప్పారు. ఆవిడ చూడాలని రాయలేదు. మీతో మాట్లాడాలంటే ఇంకో దారి ఉందా నాన్నా? ఏదైనా చెప్పబోతే డైరీ తీస్తారు. అమ్మ నొప్పితో అరుస్తుంటే, ‘ఎన్ని నిమిషాల నుంచి?’ అని అడిగారు మీరు. గుర్తుందా? ఉండే ఉంటుంది. రాసుకున్నారుగా.”

“డాక్టరు అడిగాడు కాబట్టి అడిగాను” అన్నాను.

అమ్మాయి నవ్వింది. వాళ్లమ్మ నవ్వు అది, నాతో మాట్లాడి లాభం లేదనుకున్నప్పుడు నవ్వేది.

తమ్ముడు లేచి నిలబడ్డాడు. “ఏంది సార్ ఇది?” అన్నాడు. బావ అనే మాట అక్కడితో పోయింది. “మా అక్కను పిల్చి, తిండి వెట్టి, గిట్ల తిట్టిస్తరా?”

“తిట్టింది నేను కాదండి.”

“సదివిపిచ్చింది ఎవలు?”

అప్పుడు కదిలింది ఆవిడ. లేచి టీవీ దగ్గరకు వెళ్లి, ఇందాక తన పేరు మీద వేలు పెట్టిన చోటే నిలబడి, నాలుగో సందేశాన్ని పెదవులు కదుపుతూ ఇంకోసారి చదివింది. తర్వాత వెనక్కి తిరిగి నా వైపు చూసింది. చాలాసేపు చూసింది. నేను కంప్యూటరు వైపు తిరిగి నంబరు మరింత పెద్దగా కనిపించేటట్టు చేశాను.

ఆవిడ వంటింట్లోకి వెళ్లి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చింది. అమ్మాయి మణికట్టు పట్టుకుని, నాడి చూస్తున్నట్టు రెండు వేళ్లు ఆనించి, “తాగు బిడ్డా. కూసో” అంది. అమ్మాయి తాగింది. “పోదాం పారా” అంది ఆవిడ, తమ్ముడితో. నేను లిఫ్టు దాకా వెళ్లాను. “రేపు పొద్దుగాల చెరువు కాడికి రాండ్రి సార్” అంది. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

లోపలికి వచ్చి, తయారుగా ఉంచుకున్న కాగితం పాత మిత్రుడి ముందు పెట్టాను. జరిగింది జరిగినట్టు రాసి ఉంది, సమయాలు నింపితే చాలు. సాక్షి సంతకం దగ్గర గీత గీసి పెట్టాను. అతను కాగితాన్ని చదవనే లేదు.

“ముప్పై ఏళ్లు మీరు ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టాను గురువుగారూ. ఇది నా వల్ల కాదు” అని చెప్పులు వేసుకున్నాడు. “కన్నకూతురి మీద పంచనామా ఏమిటండీ?” గురువారానికి వేరే సాక్షిని చూసుకోమని మాత్రం అనలేదు. అనక్కర్లేకపోయింది.

అమ్మాయి, అల్లుడు గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. గరిజెల డబ్బా మూత తీయకుండా బల్ల మీద ఉంది. రాత్రి నేను పెరుగన్నం కలుపుకుని తిని, తొమ్మిదిన్నరకు పడుకున్నాను.

సోమవారం పొద్దున ఆరున్నరకు చెరువు దగ్గర ఉన్నాను. ఆవిడ అప్పటికే బెంచీ మీద కూర్చుని ఉంది. స్వెటరు వేసుకుని, తలకు మఫ్లరు కట్టుకుంది. రెండో చివర కూర్చున్నాను.

“రాత్రి నిద్ర పట్టిందా సార్?”

“పట్టింది” అన్నాను. నిజం అదే.

“నాకు పట్టలే.” కాసేపు నడిచేవాళ్లను చూసింది. “మీ బిడ్డ రాసినదానికి నాకు బాధ కాలే. వార్డుల గంతకన్న పాడు మాటలు పడ్డ. తల్లి పోయిన పిల్ల, కోపముంటది, అంటది. మీరు సూపియ్యకుంటె నాకు తెల్సేదే కాదు గద. మీరు సూపిచ్చిన్రు. నా తమ్ముని ముంగట.”

“మీకు నిజం తెలియాలని చూపించాను.”

“ఏం నిజం సార్? ఎవలు రాసిన్రో చెప్పిన్రు. ఏ గంటకు రాసిన్రో చెప్పిన్రు. నాలుగోది సదివినంక, గది అబద్ధమని ఒక్క మాట అనకపోతిరి. నేను మిమ్ముల్నే సూస్కుంట నిలవడ్డ. ఇప్పుడంటడు, ఇగ ఇప్పుడంటడని.”

ఇప్పుడైనా అనవచ్చు. ‘అబద్ధం’ అని ఒక్క మాట. నోరు తెరిచాను. ఆవిడను అడగడానికి ముందు రోజు, పెళ్లి చేసుకోవడానికి కారణాలు నేను డైరీలో వరుసగా రాసుకున్నాను. మొదటిది, ‘నర్సు. ముందు ముందు అవసరం.’ ఆవిడ నవ్వు, మాట, ఆవిడ పక్కన కూర్చుంటే పొద్దు తెలియకపోవడం, ఇవి కూడా ఉన్నాయి. కానీ ఆ తర్వాత ఉన్నాయి. రాసి ఉన్నదాన్ని లేదనడం నాకు చేతకాలేదు. నోరు మూసుకున్నాను.

ఆవిడ తల ఊపింది. డాక్టరు చెప్పకముందే రిపోర్టు చదివేసిన మనిషిలా.

“ముప్పై ఆరేండ్లు డ్యూటీ చేసిన సార్. పింఛను వస్తున్నది. మళ్ల నౌకరి వద్దు నాకు” అంది. “ఇంకొకటి గూడ ఉన్నది. నాకు ఏమన్న తప్పు జరిగితె గూడ మీరు గట్లనే దాసిపెట్టి, దినం సూసి, నలుగుర్ని పిలుస్తరు. బువ్వ తినుకుంట ఎన్ని దినాలు ఊకున్నరు మీరు? నాకు గది భయమైతున్నది.”

“గురువారం…” అన్నాను.

“లేదు సార్. నా ఫొటో తీసెయ్యుండ్రి.”

“సాయంత్రం తీసేస్తాను.”

“ఇప్పుడే. నా ముంగట.”

ఫోన్ నుంచి తీయడం నాకు రాదు, ఇంట్లో కంప్యూటరు నుంచే చేయాలన్నాను. “అయితే నడువుండ్రి” అని లేచింది. ఆటోలో మియాపూర్ వెళ్లాం. గతుకు వచ్చినప్పుడల్లా ముందు కమ్మీ గట్టిగా పట్టుకుంది.

తలుపు అమ్మాయి తీసింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఆవిణ్ణి చూసి పక్కకు జరిగి, “నేను ఆంటీ… నేను అలా రాయాల్సింది కాదు” అంది. “టిఫిన్ తిన్నవా?” అంది ఆవిడ. లేదంది. “పెట్టు పో, ఇద్దరం తిందాం” అని, చెప్పులు విడిచి నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది, క్లాసులో కూర్చున్నట్టే.

ముందు ఫొటో తీశాను. “కంప్యూటర్ల ఉన్నది గూడ” అంది. అదీ తీశాను. పరిచయం పేజీలో ఆవిడ గురించి నేను మార్చి రాసిన వాక్యాలు తీశాను. భోజనాల పేజీలో ‘వధువు తరఫు’ అన్న వరుస ఉంది, ఆవిడే చూసి చూపించింది. ‘ఆశీస్సులు’ పేజీ మొత్తం తీసేశాను. చివరికి ముఖపుట. ఆవిడ పేరు చివరి అక్షరం నుంచి వెనక్కి ఒక్కొక్కటే చెరిపాను. ఆవిడ కళ్లద్దాలు తీయలేదు. సేవ్ చేసి, పేజీ మళ్లీ తెరిచాను. గులాబి రంగు మీద నా పేరు ఒక్కటే ఉంది. కింద ‘మా పెళ్లికి తప్పక రండి’ అని ఉంది.

“ఇది కూడా తీసేయనా?” అన్నాను.

“గది మీ ఇష్టం సార్” అని లేచి వంటింట్లోకి వెళ్లింది.

లోపల పెనం మీద దోసె చప్పుడు. గరిజెల డబ్బా మూత తీసిన చప్పుడు. కాసేపటికి మాటలు. “మీ అమ్మకు నొప్పికి ఏం ఇస్తుండిరి?” అని ఆవిడ అడిగింది. అమ్మాయి మందు పేరు చెప్పింది. ఎంత ఇచ్చేవాళ్లో చెప్పింది. రాత్రులు ఎలా గడిచేవో చెప్పడం మొదలుపెట్టింది. నాలుగేళ్లలో అది ఈ సంగతి ఒకరికి చెప్పగా నేను వినలేదు. మధ్యలో ఏడ్చింది. ఆవిడ, “ఏడువు బిడ్డా, ఏం కాదు” అంటోంది.

నేను హాల్లోనే కూర్చున్నాను. పదకొండింటికి ఆవిడ వెళ్లిపోయింది. గుమ్మం దగ్గర నాకు నమస్కారం పెట్టింది. అమ్మాయి కింద దాకా వెళ్లి ఆటో ఎక్కించి వచ్చింది. తిరిగి వచ్చి, తిన్న రెండు పళ్లాలూ కడిగి, సోమవారమైనా ఆ రోజు ఆఫీసుకు వెళ్లలేదు కాబట్టి, ఇంటి నుంచే మీటింగుందని గది తలుపు వేసుకుంది. నేను రిజిస్ట్రారు కార్యాలయానికి ఫోన్ చేసి, గురువారం మేము రావడం లేదని చెప్పాను.